సర్వర్ నోరు నొక్కే కళ

చంద్రపూర్‌లో సర్వర్లు చూసుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ సలహాలు. బొగ్గు లారీల కాంటాల దగ్గర, సిమెంటు ఫ్యాక్టరీల డిస్పాచ్ ఆఫీసుల్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో, పరపతి సంఘాల్లో ఏదో ఒక మూలగదిలో ఏసీ కింద ఒక పెట్టె గుయ్యిమంటూ ఉంటుంది. దాని బాగోగులు మీ నెత్తిన పడ్డాయి. మీ తాతలు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి బల్లార్షా గనులకు వచ్చారు. వాళ్లు కిందికి దిగేటప్పుడు ఒకసారి, పైకి వచ్చాక ఒకసారి పేరు రాసుకునేవారు. ఎవరు లోపల ఉండిపోయారో పైవాళ్లకు తెలియాలి కదా. ఆ చాదస్తం తాతలతోనే పోనివ్వండి. మీ సర్వర్‌లో ఎవరు దిగారో, ఎవరు పైకి రాలేదో ఎవరికీ తెలియకుండా ఉండటమే మీ ఉద్యోగానికి క్షేమం.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రోగ్రాము తాను చేస్తున్న పనిని ఎప్పటికప్పుడు ఒక ఫైల్లో రాసుకుంటూ పోతుంది. అదే లాగ్. అందులో ప్రతి పంక్తికీ తీవ్రతను బట్టి ఒక లెవెల్ ఉంటుంది. 1980లలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ అనే ఈమెయిల్ ప్రోగ్రాము కోసం తయారుచేసిన సిస్‌లాగ్‌లో ఎమర్జెన్సీ మొదలు డీబగ్ దాకా 0 నుంచి 7 వరకు ఎనిమిది లెవెల్స్. అక్కడ అంకె చిన్నదైతే ప్రమాదం పెద్దది. పైథాన్‌లో ఇది తిరగబడి డీబగ్‌కు 10, క్రిటికల్‌కు 50 అయింది. రెండూ ఒకే ఆఫీసులో నడుస్తుంటే ఎప్పుడైనా పొరపాటు జరిగినా చెప్పుకోవడానికి ఒక కారణం సిద్ధంగా ఉన్నట్టే.

సెట్టింగుల ఫైల్లో ఒక్క మాట మారిస్తే ఏ లెవెల్ నుంచి పైవి రాయాలో మారిపోతుంది. వార్నింగ్ అని పెడితే వార్నింగులు, అంతకంటే తీవ్రమైనవి పడతాయి, చిన్నాచితకా కబుర్లు రాలిపోతాయి. మనమేమీ చెప్పకపోతే అపాచీ వెబ్ సర్వర్ వార్నింగ్ దగ్గరే ఉంటుంది. లోతుకు పోదలిస్తే దానికి డీబగ్ కిందే ట్రేస్1 నుంచి ట్రేస్8 దాకా మరో ఎనిమిది మెట్లున్నాయి. 2.4 వెర్షన్ నుంచి ఒక్కో మాడ్యూల్‌కు ఒక్కో లెవెల్ పెట్టుకోవచ్చు. నొప్పి ఉన్నచోట వివరం పెంచి మిగతా అంతటా తగ్గించి ఉంచుకోమని ఇంత ఏర్పాటు చేశారు. చేసినవాళ్లు మంచివాళ్లే, వాళ్లకు మన ఆఫీసులు తెలియవు.

సావాసం విషయంలో జాగ్రత్త

అన్నిటికన్నా ముందు థర్మల్ స్టేషన్ వాళ్లతో టీ తాగడం మానండి. ఊరి అంచున 2,920 మెగావాట్ల విద్యుత్ కేంద్రం పెట్టుకుని ఇది కష్టమే, అయినా తప్పదు. అలాంటి కేంద్రాల కంట్రోల్ రూముల్లో ఏ బ్రేకర్ ఎప్పుడు తెరుచుకుంది, ఏ వాల్వు ఎప్పుడు మూసుకుంది అన్నది మిల్లీసెకన్లతో సహా నమోదవుతుంది. యూనిట్ ట్రిప్పయిందంటే కనురెప్ప పాటులో పదులకొద్దీ సంఘటనలు జరిగిపోతాయి. వాటిలో ఏది ముందో తెలిస్తేనే ఏది కారణమో, ఏది దాని వెనకాల వచ్చిన రభసో తేలుతుంది. గ్రిడ్‌లో ఏదైనా జరిగితే ఈవెంట్ లాగర్, డిస్టర్బెన్స్ రికార్డర్ల వివరాలు 24 గంటల్లో లోడ్ డిస్పాచ్ సెంటర్‌కు అందాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోనే నిబంధన పెట్టింది. ఇవి చాలవన్నట్టు షిఫ్టు మారేటప్పుడు చేత్తో రాసే లాగ్ బుక్కు ఒకటి. దిగిపోయేవాడు రాసింది ఎక్కేవాడు చదువుతాడట! వాళ్లతో నాలుగు రోజులు తిరిగితే మీకూ చదివే రోగం అంటుకుంటుంది.

మీట అటైనా ఇటైనా చివరిదాకా తిప్పండి

ప్రొడక్షన్ సర్వర్‌లో డీబగ్ పెట్టి వదిలేయండి. ఎప్పుడో పరీక్ష కోసం పెట్టింది తీయడం మరిచిపోతే మరీ మంచిది, మీరు నిర్ణయం తీసుకున్నారని ఎవరూ అనలేరు. కాంటా సాఫ్ట్‌వేర్‌లో దీని మహిమ చూడాలి. లారీ ఎక్కే ప్లాట్‌ఫాం కింది నుంచి తూకం సంకేతాలు సెకనుకు ఎన్నోసార్లు కంప్యూటర్‌కు వస్తూనే ఉంటాయి. లారీ ఉన్నా, లేకున్నా. డీబగ్‌లో ప్రతి సంకేతానికీ ఒక పంక్తి పడుతుంది. అర్ధరాత్రి దాటాక లారీలు లేని వేళ ఖాళీ ప్లాట్‌ఫాం మీద సున్నా కిలోలు, సున్నా కిలోలు, సున్నా కిలోలు అంటూ తెల్లవార్లూ జపం సాగుతుంది. తెల్లారాక ఫలానా లారీకి తూకం రెండుసార్లు ఎందుకు పడిందని మేనేజరు అడిగితే ఆ ఒక్క పంక్తీ లక్షల సున్నాల మధ్య ఎక్కడో ఉంటుంది. ఉందని ప్రమాణం చేసి చెప్పొచ్చు. వెతకమనండి.

లాగ్ ఫైళ్లనూ డేటాబేసునూ ఒకే డిస్కులో ఉంచండి. పాత ఫైళ్లను రోజుకొకటిగా విడగొట్టి, కుదించి, గడువు తీరాక తీసేసే లాగ్‌రొటేట్ లాంటివి లినక్స్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి కాబట్టే మనం వాడనక్కర్లేదు. అప్పుడు ఏదో ఒక రోజు డిస్కు నిండుతుంది. సాధారణంగా నెలాఖరులో, డిస్పాచ్ లెక్క తేల్చాల్సిన సాయంత్రం. లాగ్ రాయడానికి చోటు లేకపోతే పెద్ద నష్టమేం లేదు, కానీ డేటాబేసుకూ చోటుండదు. కాంటా ఆగిపోతుంది. మే నెల, 47 డిగ్రీలు, గేటు బయట ఘుగ్గుస్ రోడ్డు మీద లారీల వరస. డ్రైవర్లు దిగి మీ కిటికీ దగ్గరికి వస్తారు.

కంగారు పడకుండా నలభై జీబీల లాగ్ ఫైల్‌ను డిలీట్ చేయండి. తర్వాత డిస్కు చూసుకోండి: ఇంకా నూటికి నూరు శాతం నిండే ఉంటుంది. ప్రోగ్రాము ఆ ఫైల్‌ను తెరిచి పట్టుకుని ఉన్నంతసేపూ పేరు మాత్రమే పోతుంది, చోటు ఖాళీ కాదు. ఫైల్‌ను తీసేయకుండా లోపలిది మాత్రం ఖాళీ చేస్తే వెంటనే చోటు దొరికేదని తెలిసినవాళ్లు చెబుతారు. తెలిసినవాళ్ల మాట వినే వేళ కాదది. సర్వర్‌ను రీస్టార్ట్ చేయండి. డిస్కు ఖాళీ అవుతుంది, లారీలు కదులుతాయి, అందరూ మిమ్మల్ని మెచ్చుకుంటారు, ఏం జరిగిందో చెప్పగలిగిన ఏకైక సాక్షి శాశ్వతంగా పోతుంది. ఒక్క దెబ్బకు ఇన్ని లాభాలు ఇంకే పనిలోనూ లేవు.

ఈ హడావుడి పడనివాళ్లు మీటను రెండో వైపు తిప్పి లాగ్ మొత్తం ఆపేయవచ్చు. సమస్య వచ్చినప్పుడు ముందు రీస్టార్ట్ చేసి, తర్వాత డీబగ్ పెట్టి, అది మళ్లీ రావాలని ఎదురుచూడాలి. మూడు వారాలైనా రాకపోతే పరిష్కారమైందని టికెట్ మూసేయండి. లెవెల్ మార్చడానికి చాలా సర్వర్లలో రీస్టార్ట్ అవసరమే లేదు, నడుస్తుండగానే మార్చి, చూసి, మళ్లీ తగ్గించుకోవచ్చు. ఈ విషయం మీ మేనేజరుకు తెలియనివ్వకండి.

అన్నిటికీ ఎర్రర్ ముద్ర కొట్టండి

ఎవరో పాస్‌వర్డ్ తప్పు కొట్టారా? ఎర్రర్. డ్రైవర్ కార్డు ఒకసారికి చదవలేదు, రెండోసారికి చదివిందా? ఎర్రర్. రోజువారీ బ్యాకప్ చక్కగా పూర్తయిందా? దాన్నీ ఎర్రర్‌లోనే రాయండి, పైవాళ్లు చూస్తారు. ప్రతి ఎర్రరూ వాట్సాప్ గ్రూపుకు వెళ్లేలా కలపండి. వారం తిరగకుండా గ్రూపును అందరూ మ్యూట్ చేస్తారు. ఇక ఆ తర్వాత మీరు ఏం పంపినా పంపినట్టే లెక్క, చూడకపోవడం వాళ్ల తప్పు. నాన్నా పులి కథ ఈ జిల్లాలో ఎవరికీ చెప్పకండి, తాడోబా పులుల అడవి పక్కనున్నవాళ్లు దాన్ని కథగా తీసుకోరు.

ఈ పద్ధతికి ప్రపంచంలో గొప్ప దాఖలాలున్నాయి. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం మొదలైన కొద్ది నిమిషాల్లోనే వందకు పైగా అలారంలు మోగాయి. వాటిని వరసగా కాగితం మీద కొట్టే ప్రింటరు సంఘటనలను అందుకోలేక గంటలకొద్దీ వెనకబడింది, మధ్యలో ఇరుక్కుపోయింది కూడా. ఆపరేటర్ల చేతిలో ఉన్న కాగితం ఎప్పటి సంగతో చెబుతోంది, రియాక్టరు మాత్రం ఇప్పటి పని తాను చేసుకుపోతోంది. 1994 జులై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీదికి 275 అలారంలు వచ్చి పడ్డాయి. నిమిషానికి పాతిక. సమాచారం ఇవ్వలేదని ఆ యంత్రాన్ని ఎవరనగలరు?

2012 ఆగస్టు 1న న్యూయార్క్ షేర్ మార్కెట్ తెరవకముందే నైట్ క్యాపిటల్ అనే బ్రోకింగ్ సంస్థలో దాని సొంత వ్యవస్థే 97 ఈమెయిళ్లు పంపింది. పాత ప్రోగ్రాము ఒకదాని పేరుతో ఒక ఎర్రర్ వాటిలో ఉంది. అవి హెచ్చరికలుగా తయారుచేసినవి కావు, వచ్చినప్పుడు మామూలుగా ఎవరూ చదివేవారు కూడా కాదు. మార్కెట్ తెరిచాక ముప్పావుగంటలో సంస్థకు 46 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. చూడండి, లాగ్‌లో అంతా ఉంది. లాగ్ తన ధర్మం నెరవేర్చింది.

ఎర్రర్ అంటే ఎవరో ఒకరు లేచి ఏదో ఒకటి చేయాల్సినది, వార్నింగ్ అంటే తెల్లారాక చూసుకోదగ్గది, ఇన్ఫో అంటే తర్వాత ఎప్పుడైనా కథ అల్లుకోవడానికి పనికొచ్చేది అని కొందరు గీతలు గీస్తారు. ఆ లెక్కన పోతే రాత్రి రెండింటికి ఫోన్ మోగినప్పుడల్లా నిజంగానే లేవాల్సి వస్తుంది.

ఏం జరిగిందో మాత్రం రాయొద్దు

సందేశం ఎప్పుడూ ఇలా ఉండాలి: "ఏదో పొరపాటు జరిగింది." అంతే. ఏ లారీ, ఏ టోకెన్, ఏ కాంటా, ఎంత తూకం అని వివరాలకు పోకండి. పెళ్లిలో చదివింపుల పుస్తకం దగ్గర కూర్చున్న బాబాయి పేరూ ఊరూ మొత్తమూ రాయకుండా "ఎవరో ఏదో ఇచ్చారు" అని మూడొందల సార్లు రాసుకుంటే ఎలా ఉంటుందో ఊహించండి. రేపు వాళ్లింట్లో పెళ్లికి ఎంత పెట్టాలన్న తలనొప్పే లేదు. మీ లాగ్ ఆ పుస్తకంలా ఉండాలి.

దీనికి మెలకువలున్నాయి. కోడ్‌లో ఎక్కడ ఏ తప్పు దొరికినా దాన్ని పట్టుకుని, మింగి, పైకి ఏమీ రానివ్వకుండా ముందుకు నడిపించేలా రాయండి. తప్పని పరిస్థితి వస్తే ఒకే తప్పును అది పుట్టిన చోట ఒకసారి, దాన్ని పిలిచిన చోట మరోసారి, ఆ పైన ఇంకోసారి రాయించండి. ఒక్క లారీ తప్పుకు మూడు కనిపిస్తాయి, అవి మూడో ఒకటో ఎవరూ తేల్చలేరు. ఒక అభ్యర్థన లోపలికి వచ్చినప్పుడు దానికొక నంబరిచ్చి, కాంటా నుంచి బిల్లింగ్ దాకా అది తాకిన ప్రతి ప్రోగ్రాములోనూ ఆ నంబరు పడేలా చేసే అలవాటు బయటి కంపెనీల్లో ఉంది. ఆ నంబరుతో వెతికితే లారీ ప్రయాణం మొత్తం ఒక్క చోట కనబడుతుంది. అంత పారదర్శకత బొగ్గు వ్యాపారంలో ఎవరికి కావాలి చెప్పండి.

మన ఊరికి ప్రత్యేకంగా దొరికిన సౌకర్యం ఇంకొకటుంది. ఇక్కడ డ్రైవర్ల పేర్లు మరాఠీలో ఉంటాయి, హిందీలో ఉంటాయి, అవతల సిర్పూరు నుంచి, మంచిర్యాల నుంచి వచ్చినవాళ్లవి తెలుగులో ఉంటాయి. లాగ్ ఫైల్‌ను యూనికోడ్‌లో కాకుండా పాత ఇంగ్లిషు అక్షరాలు మాత్రమే పట్టే పద్ధతిలో దాచండి. మూడు భాషల మనుషులూ వరసగా ప్రశ్నార్థకాలైపోతారు. ఎవరి లారీ అని పోలీసులొచ్చి అడిగినా, ఫైల్ చూపించండి: ఆ ప్రశ్న ఫైల్లోనే ఉంది.

రాయకూడనివి వదలకుండా రాయండి

వివరాలు వద్దన్నాను కదా, దానికి ఒక మినహాయింపుంది. పాస్‌వర్డ్, ఓటీపీ, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఆసుపత్రి సర్వరైతే రోగి జబ్బు: వీటిని పూర్తిగా, ఒక్క అక్షరం కూడా దాచకుండా రాయండి. డీబగ్‌లో వచ్చిన సమాచారమంతా యథాతథంగా పడేస్తే ఇది దానంతటదే జరిగిపోతుంది, విడిగా శ్రమ అక్కర్లేదు. పెద్దవాళ్లూ ఇదే దారిలో నడిచారు. డేటాబేసులో పాస్‌వర్డులను ఎవరూ చదవలేని రూపంలో దాచిన ట్విట్టర్, అలా మార్చకముందే వాటిని ఒక అంతర్గత లాగ్‌లో మామూలు అక్షరాల్లో రాసుకుందని 2018 మేలో తానే బయటపెట్టి, 33 కోట్ల మందినీ పాస్‌వర్డు మార్చుకోమంది. గిట్‌హబ్‌కూ అంతకు కొద్ది రోజుల ముందు ఇదే అనుభవం. తలుపుకు పెద్ద తాళం వేసి, తాళంచెవి ఎక్కడుందో పద్దులో రాసిపెట్టినట్టయింది.

బయటివాళ్లు టైపు చేసిందాన్ని కూడా కళ్లు మూసుకుని లాగ్‌కు ఇచ్చేయండి. లాగ్ రాసేది గుమస్తా, చెప్పింది రాసుకుంటుంది, అంతకుమించి ఏం చేస్తుందని అందరూ అనుకునేవారు. 2021 డిసెంబరులో ఆ భ్రమ వదిలింది. జావా ప్రపంచమంతా వాడే లాగ్4జే2 అనే లాగింగ్ సాఫ్ట్‌వేర్, తాను రాస్తున్న వాక్యంలో ఒక ప్రత్యేకమైన ముక్క కనిపిస్తే దాన్ని రాసి ఊరుకోకుండా అందులో చెప్పిన చిరునామాకు వెళ్లి, అక్కడున్న కోడ్‌ను తెచ్చి నడిపేదని తేలింది. మైన్‌క్రాఫ్ట్ ఆటలో చాట్ పెట్టెలో ఆ ముక్క టైపు చేస్తే చాలు, ఆట నడిపే సర్వర్ మీ చేతికొచ్చేది. లోకమంతా ఆ క్రిస్మస్ సెలవులు మానుకుని వెర్షన్లు మార్చింది. మీ కాంటా సాఫ్ట్‌వేర్‌లో ఏ వెర్షన్ ఉందో చూడాల్సిన పనిలేదు. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం ఎప్పుడో మానేశాడు.

గడియారాలను వాటి దారిన వదిలేయండి

మన జిల్లాలోని భద్రావతినే చూడండి. 1990ల చివర్లో అక్కడ 1,000 మెగావాట్ల హెచ్‌వీడీసీ స్టేషన్ కట్టారు, రామగుండం వైపు దక్షిణ గ్రిడ్‌ను పశ్చిమ గ్రిడ్‌తో కలపడానికి. రెండు గ్రిడ్ల లయ వేరు. అందుకని అటు వచ్చిన ఏసీ కరెంటును డీసీ చేసి, మళ్లీ ఏసీ చేసి ఇటు పంపేవారు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ లైను మీదుగా దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే లయలోకి వచ్చేదాకా ఈ రెండూ ఎవరి తాళం వాళ్లు వేసుకున్నాయి. గ్రిడ్లకే అంత స్వేచ్ఛ ఉన్నప్పుడు మీ రెండు సర్వర్లూ ఒకే టైము చూపించాలని ఏమిటి?

ఒకదాన్ని భారత కాలమానంలో, ఇంకొకదాన్ని యూటీసీలో పెట్టండి, ఏది ఏదో మాత్రం లాగ్‌లో రాయకండి. అయిదున్నర గంటల తేడాతో లారీ కాంటా ఎక్కకముందే బిల్లు అచ్చయినట్టు కనిపిస్తుంది. మూడోది గేటు దగ్గరి పాత కంప్యూటరు, దాని మదర్‌బోర్డు బ్యాటరీ పోయి కరెంటు పోయినప్పుడల్లా ఏళ్లు వెనక్కి వెళ్తుంది. అవును, చంద్రపూర్‌లో కూడా కరెంటు పోతుంది. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాల్లో 5 కోట్ల మందికి కరెంటు పోయినప్పుడు దర్యాప్తు చేసినవాళ్లకు బాగా శ్రమ పెట్టిన పనుల్లో ఒకటి, టైము కలవని రికార్డర్లలోని సంఘటనలను వరసలో పెట్టడం. అదే రోజు మధ్యాహ్నం 2 గంటల 14 నిమిషాలకు ఒహైయోలోని ఒక విద్యుత్ సంస్థ కంట్రోల్ రూములో అలారం, లాగింగ్ సాఫ్ట్‌వేరే స్తంభించిపోయింది. గంటకు పైగా ఆపరేటర్లెవరూ గమనించలేదు. అలారం రావడం లేదు కాబట్టి అంతా బాగుందనుకున్నారు. లాగ్ ఆగిపోతే చెప్పడానికి ఇంకో కాపలా పెట్టుకోవాలని దీన్నిబట్టి కొందరికి తోచవచ్చు. మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు, అక్కడితో ఆగండి.

ప్రభుత్వం ఒప్పుకోదనే భయం ఉంటే, నిజమే, ఒప్పుకోదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దేశంలోనే భద్రంగా ఉంచాలి, గడియారాలను ఎన్ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్లతో కలపాలి, సైబర్ ఘటన జరిగితే 6 గంటల్లో తెలపాలి. ఆరు గంటల నిబంధన మనల్ని బాధించదు: ఘటన జరిగినట్టు మనకు తెలిసినప్పటి నుంచి కదా గంటలు లెక్కపెట్టేది. పై సలహాలన్నీ శ్రద్ధగా పాటించినవారికి ఆ గడియ రానే రాదు.

ఇంత చేశాక కూడా ఒక ముప్పు మిగిలే ఉంటుంది. గోండ్వానా యూనివర్సిటీ కాలేజీ నుంచో మరో చోటు నుంచో కొత్తగా చేరిన అమ్మాయి, మొదటి వారంలోనే, పనిలేక లాగ్ తెరిచి చదువుతుంది. సున్నా కిలోల పంక్తులను ట్రేస్‌లోకి దింపుదామంటుంది. ప్రతి పంక్తిలో టోకెన్ నంబరు పెడదామంటుంది. పోయిన నెలలో ఒకే కార్డు మీద పన్నెండు నిమిషాల తేడాతో రెండు లారీలు కాంటా ఎక్కాయని, ఎందుకలా జరిగిందో కనుక్కోవాలని ఉందంటుంది. మీటింగులో అందరి ముందూ. ఆమెను మెచ్చుకుని, మధ్యాహ్నం లోపు కంపెనీ వెబ్‌సైట్‌లో దీపావళి బ్యానర్లు మార్చే పనికి బదిలీ చేయండి.